ఎల్‌కేజీకి ముందు ఇంట్లో ఆట: ఎంతసేపు, ఎందుకు, ఎలా

జూన్‌లో పిల్లల్ని ఎల్‌కేజీలో చేర్చబోయే ఇళ్లలో ఫిబ్రవరి నుంచే కంగారు మొదలవుతుంది. అఆలు వచ్చాయా, ఏబీసీడీలు వచ్చాయా, వంద దాకా అంకెలు చెబుతున్నాడా అని ఆరాలు. కొందరైతే సాయంత్రం కాగానే పలకా బలపం చేతికిచ్చి గంటసేపు కూర్చోబెడతారు. ఆ గంట పిల్లలతో ఆడితే బడికి అంతకంటే ఎక్కువ పనికొస్తుందని చెబితే చాలామంది నమ్మరు. అంకెలతోనే చూద్దాం.

ముందు వయసు సంగతి. 2020 జాతీయ విద్యా విధానం లెక్కన ఒకటో తరగతిలో చేరేటప్పటికి ఆరేళ్లు ఉండాలి. అంటే యూకేజీకి ఐదు, ఎల్‌కేజీకి నాలుగు. మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఉన్న ఐదేళ్లకు ఆ విధానం పునాది దశ అని పేరు పెట్టింది. మొదటి మూడేళ్లు అంగన్‌వాడీ లేదా ప్రీస్కూలు, తర్వాతి రెండేళ్లు 1, 2 తరగతులు. ఈ దశ కోసం 2022లో తెచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఆట ద్వారానే నేర్పమంటోంది. 2020లోనే వచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రీప్రైమరీ పిల్లలకు అసలు పుస్తకాల సంచే వద్దంది, రెండో తరగతి దాకా హోంవర్క్ వద్దంది. మీ వీధిలోని బడి ఇవి పాటించకపోవచ్చు. కానీ నాలుగేళ్ల పాప నోట్‌బుక్కు నింపలేదని ఎవరైనా మిమ్మల్ని తక్కువ చేసి మాట్లాడితే, దేశం రాసుకున్న విధానం మీ పాప పక్షానే ఉందని గుర్తుంచుకోండి.

బడిలో చేరాక టీచరే అన్నీ నేర్పుతారు కదా, ఇంట్లో మనం చేసేదేముంది అనే సందేహం సహజం. ఒక చిన్న భాగహారం చేయండి. 2013 నాటి జాతీయ విధానం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు 20 మందికి ఒకరు చొప్పున టీచర్లు ఉండాలంది. బడి నాలుగు గంటలనుకుంటే 240 నిమిషాలు. 20తో భాగిస్తే ఒక్కో బిడ్డకు 12 నిమిషాలు. తరగతిలో 30 మంది ఉంటే 8 నిమిషాలే. ప్రార్థన, టిఫిన్ డబ్బాలు, ఏడుపులు, బాత్రూముకు తీసుకెళ్లడం అన్నీ ఆ 12 నిమిషాల్లోంచే పోవాలి. అదే ఇంట్లో స్నానానికి పావుగంట, అన్నానికి అరగంట, నిద్రపుచ్చడానికి పావుగంట. ఇవి మీరు ఎలాగూ ఇస్తున్న గంట. ఆ గంటంతా ఒక్క బిడ్డకు ఒక్క మనిషి. ఎంత మంచి బడి అయినా ఇవ్వలేనిది ఇదే.

అందుకే ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో కూడా ఆటకు వేరే వేళ వెతకక్కర్లేదు. ఉన్న పనుల్లోనే ఆటను కలిపేయొచ్చు. అన్నిటికంటే ఎక్కువ ఫలితం కనిపించేది లెక్క విషయంలో కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడతాను.

మీ బాబు ఒకటి నుంచి యాభై దాకా గుక్కతిప్పుకోకుండా చెబుతాడనుకోండి. వంటింట్లోంచి నాలుగు చెంచాలు తెమ్మనండి. గుప్పెడు తెచ్చి చేతిలో పెట్టాడంటే ఆశ్చర్యపోకండి, కోప్పడకండి. అంకెల వరస చెప్పడం వేరు, ఆ అంకె ఎంతో తెలియడం వేరు. మొదటిది పాటలా కంఠస్థం వస్తుంది. రెండోది రావడానికి చాలామంది పిల్లలకు మూడున్నర, నాలుగేళ్లు పడుతుంది. అది కూడా ఒక్కసారిగా రాదు. ముందు 'ఒకటి' అర్థమవుతుంది, కొన్ని నెలలకు 'రెండు', ఆ తర్వాత 'మూడు'. ఆపైన ఒక దశలో గుట్టు తెలిసిపోతుంది: లెక్కపెడుతూ చివర చెప్పిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందని. దీన్నే సంఖ్యాభావం అంటారు, అంటే అంకె వెనక ఉన్న పరిమాణం తెలియడం. కూడికకూ తీసివేతకూ ఆధారం ఇదే. వంద దాకా చెప్పించడం కంటే ఐదు దాకా అర్థమయ్యేలా చూడటమే ముఖ్యమని నేను గట్టిగా అంటాను.

అది అర్థమయ్యేది పలక మీద కాదు, కంచాల దగ్గర. "తాతయ్యకొకటి, నాయనమ్మకొకటి, అమ్మకొకటి, నీకొకటి. మొత్తం ఎన్ని కంచాలు నాన్నా?" అని అడగండి. మనిషికొక కంచం పెట్టడంలో ఒకటికి ఒకటి జత చేయడం వస్తుంది. ఒక కంచం తగ్గితే ఇంకెన్ని కావాలో వెతుక్కుంటుంది. తప్పు చెబితే వెంటనే దిద్దకండి, కంచాలు పెట్టేసి కూర్చోమనండి. నాయనమ్మ ముందు కంచం లేదని బిడ్డకే కనిపిస్తుంది.

ఇక పాచికల ఆటలు. ఈ విషయంలో నాకు చాలా ఇష్టమైన అధ్యయనం ఒకటుంది. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో పేద కుటుంబాల నుంచి వచ్చిన 124 మంది ప్రీస్కూలు పిల్లలతో చేశారు, 2008లో ప్రచురించారు. కొందరికి ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసిన గళ్ల పట్టం ఇచ్చారు. మిగిలినవారికి అదే పట్టం, కాకపోతే అంకెల బదులు రంగులు. రెండు వారాల్లో నాలుగుసార్లు, సారికి 15 నుంచి 20 నిమిషాలు ఆడించారు. అంతా కలిపితే గంట దాటి ఇంకొంచెం. అంకెల పట్టం ఆడిన పిల్లలు లెక్కపెట్టడంలో, అంకెల్ని గుర్తుపట్టడంలో, రెండు అంకెల్లో ఏది పెద్దదో చెప్పడంలో మెరుగయ్యారు. తొమ్మిది వారాల తర్వాత పరీక్షించినా ఆ మెరుగుదల నిలిచే ఉంది. రంగుల పట్టం వాళ్లలో ఆ మార్పు రాలేదు.

మనింట్లో దీనికి కొనాల్సిందేమీ లేదు, వైకుంఠపాళి ఉంది. అయితే నాలుగేళ్ల పిల్లకు నేరుగా వంద గళ్ల పట్టం ఇవ్వకండి. అందులో అంకెలు ఒక వరసలో ఎడమ నుంచి కుడికి, పై వరసలో కుడి నుంచి ఎడమకు తిరుగుతాయి. చిన్నవాళ్లకు అది గందరగోళం. ముందు గచ్చు మీద సుద్దముక్కతో పది గళ్లు ఒకే వరసలో గీసి, ఒకటి నుంచి పది దాకా అంకెలు వేయండి. పాచికలో ఒకటి, రెండు మాత్రమే పడేలా ఒక అట్టముక్క చేసుకున్నా చాలు. ఇక్కడ ఒక మెలకువ ఉంది. పాప ఆరో గడిలో ఉంది, రెండు పడింది. మనలో చాలామంది "ఒకటి, రెండు" అంటూ జరుపుతాం. అలా కాదు, "ఏడు, ఎనిమిది" అంటూ గడిలో ఉన్న అంకెను పలుకుతూ జరపమనండి. పట్టం ఆడించినా ఒకటి నుంచే లెక్కపెట్టినవాళ్లకు అంత ప్రయోజనం రాలేదని సీగ్లర్ బృందమే తర్వాత గమనించింది. ఆట ఒకటే, నోటితో అనేది మారితే నేర్చుకునేది మారిపోతుంది.

చింతగింజలతో వామనగుంటలు, గవ్వలతో అష్టాచెమ్మా కూడా ఇదే కోవలోవి. కాస్త పెద్దయ్యాక, ఐదేళ్లు దాటాక ఆడించొచ్చు. ఒక్క జాగ్రత్త: మూడేళ్ల లోపు పిల్లలు చుట్టుపక్కల ఉంటే గింజలు, గవ్వలు బయటికి తీయొద్దు. నోట్లో పెట్టుకుంటే ఊపిరిగొట్టంలో ఇరుక్కుంటాయి.

చదవడం సంగతేమిటి, అక్షరాలు రాకపోతే వెనకబడదా అంటారా? మన వర్ణమాలలో యాభైకి పైగా అక్షరాలున్నాయి. గుణింతాలు కలిస్తే రూపాలు కొన్ని వందలు. ఇన్ని రూపాల్ని కంటితో గుర్తుపట్టే ముందు వాటి చప్పుళ్లు చెవికి తెలిసి ఉండాలి. స్నానం చేయిస్తూ 'మామిడి' అని మూడు చప్పట్లు కొట్టించండి: మా, మి, డి. 'పిల్లి'కి రెండే. నడుస్తూ మాట చివరి అక్షరంతో ఇంకో మాట కట్టే ఆట ఆడండి: పలక, కత్తెర, రవిక. చెమ్మచెక్క, గుడుగుడు గుంచం ఆడించే నాయనమ్మ ఇంట్లో ఉంటే మీ పని సగం అయిపోయినట్టే. ఇంగ్లిష్ మీడియంలో చేర్చబోతున్నాం కదా అని ఇంట్లో తెలుగు మానేయకండి. మాటను చప్పుళ్లుగా విడగొట్టే నేర్పు ఒక భాషలో వస్తే రెండో భాషకూ సాయపడుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ ఐదేళ్లకు కిండర్‌గార్టెన్‌కు పంపబోయే మన కుటుంబాలకూ ఇదే మాట.

రాత గురించి తొందర పడేవాళ్లు బిడ్డ మణికట్టును ఒకసారి చూడాలి. అక్కడ ఉండాల్సిన చిన్న ఎముకలు ఎనిమిది. నాలుగేళ్ల పిల్లలకు ఎక్స్‌రే తీస్తే వాటిలో సుమారు సగమే ఎముకగా కనిపిస్తాయి, మిగతాది ఇంకా మృదులాస్థే. ఎనిమిదోది ఏర్పడటానికి ఎనిమిదేళ్లు దాటాలి, కొందరికి పన్నెండు. ఇలాంటి చేతితో పేజీలు నింపించడం కంటే వేళ్లకు బలమొచ్చే పనులు ఇవ్వడం మేలు. ఫైన్ మోటార్ నైపుణ్యం అని డాక్టర్లు అనేది దీన్నే, వేళ్లతో చేసే చిన్న పనుల నేర్పు. చపాతీ పిండి పిసకడం, బఠాణీలు ఒలవడం, బట్టలకు క్లిప్పులు పెట్టడం, నిమ్మచెక్క పిండటం. టిఫిన్ డబ్బా మూత తనంతట తాను తీయడం కూడా ఇందులోదే. జూన్‌లో మొదటి వారం టీచరుకు అఆల కంటే ఎక్కువ అక్కరకొచ్చేది ఆ మూతే.

కూర్చోవడం అలవాటు కావాలి కదా అని ఇంకొందరి ఆందోళన. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ పిల్లల ఎదుగుదలకు పెట్టిన మైలురాళ్ల ప్రకారం ఐదేళ్ల బిడ్డ ఒక పనిమీద 5 నుంచి 10 నిమిషాలు మనసు పెట్టగలిగితే చాలు, ఫోన్ చూసే సమయం ఇందులోకి రాదు. ఐదేళ్లకే అంత. నాలుగేళ్ల పిల్లను గంటసేపు పలక ముందు కూర్చోబెట్టడం ఎంత బరువో మీరే చూడండి. కూర్చోవడం కంటే ముందు రావాల్సింది ఆగడం. స్టాట్యూ ఆటలో కదలాలనిపించినా కదలకుండా నిలబడాలి. దాగుడుమూతల్లో పది లెక్కపెట్టేదాకా కళ్లు తెరవకూడదు. తన వంతు వచ్చేదాకా పాచికలు ముట్టుకోకూడదు. ఈ ఆగే శక్తే తరగతిలో టీచరు చెప్పేది వినడానికి పనికొస్తుంది.

ఫోన్‌లో రైమ్స్ చూస్తే మాటలు రావా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మూడు, నాలుగేళ్ల పిల్లల రోజుకు కొలతలు ఇచ్చింది: నిద్ర 10 నుంచి 13 గంటలు, కదిలే ఆట 180 నిమిషాలు, అందులో కనీసం 60 నిమిషాలు ఆయాసం వచ్చేంత జోరుగా. తెర ముందు గంటకు మించకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది. మన రోజులో పెట్టి చూద్దాం. 24 గంటల్లో నిద్ర 12, బడి 4, తిండీ స్నానం 2 తీసేస్తే 6 మిగులుతాయి. అందులో మూడు గంటలు ఆటకు పోయినా ఇంకా మూడున్నాయి. వేళ సరిపోవడం లేదనిపిస్తే ముందు ఫోన్ చేతిలో ఎంతసేపు ఉంటోందో చూడండి. పాట వినిపించే ఫోన్ బిడ్డ మాటకు బదులు చెప్పదు. మాట పెరిగేది ఆ బదులులోనే.

చివరగా ఒక విషయం. ఇవన్నీ చేస్తున్నా బిడ్డ వెనకబడుతోందనిపిస్తే దాన్ని ఆటతోనే సరిచేద్దామని ఆగకండి. మూడేళ్లకు మీతో రెండు మాటలు అటూ ఇటూ సాగే సంభాషణ లేకపోయినా, నాలుగేళ్లకు నాలుగు మాటల వాక్యం రాకపోయినా, వెనక నుంచి పిలిస్తే పలకకపోయినా ముందు వినికిడి పరీక్ష చేయించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందాలు అంగన్‌వాడీల్లోని పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు ఉచితంగా పరీక్షించాలి. మీ అంగన్‌వాడీకి ఎప్పుడొస్తారో టీచరును అడిగి తెలుసుకోండి. "మగపిల్లలకు మాటలు ఆలస్యం", "వాళ్ల నాన్నకూ ఇలాగే" అని పెద్దలు ధైర్యం చెబుతారు. వాళ్ల మాట నిజమైతే సంతోషమే, పరీక్ష వల్ల పోయేది ఒక పూట. నిజం కాకపోతే మాత్రం నాలుగేళ్లకు మొదలుపెట్టే వైద్యం ఆరేళ్లకు మొదలుపెట్టే దానికంటే బాగా పనిచేస్తుంది. జూన్ వచ్చేదాకా ఆగొద్దు.