బైరాన్‌పల్లి బురుజు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములనుండి బైసికిళ్లపై బయలుదేరి మూడు దినములలో చూచి రాదగిన చారిత్రక స్థలములలో సిద్దిపేట జిల్లాయందలి బైరాన్‌పల్లి యొకటి. గత సంక్రాంతి సెలవులలో మేము పై తరగతుల విద్యార్థులతో గూడి ఉప్పల్, ఘట్‌కేసర్, భువనగిరి, ఆలేరు, జనగామల మీదుగా అచటికి పోయితిమి. ఆ గ్రామచరిత్రమును తక్కిన విద్యార్థులకును, తలిదండ్రులకును ఎరుకపరచుటకై యీ వ్యాసము.

1948వ సంవత్సరమున ఈ గ్రామము నిజాము రాజ్యమునందు నల్లగొండ జిల్లా, జనగామ తాలూకాలో నుండెను. కాశీం రజ్వీ నాయకత్వమున రజాకార్లు పల్లెలను దోచుచుండగా బైరాన్‌పల్లి ప్రజలు ఆత్మరక్షణ దళము నేర్పరచుకొనిరి. కావలివారు ఊరిలోని యెత్తైన బురుజుపై నిలిచి, శత్రువుల రాకను కనిపెట్టి నగారా మ్రోగించెడివారు. వడిసెలలు, నాటు తుపాకులు వారి యాయుధములు. వీనితోనే మునుపు వచ్చిన దండులను తరిమివేసిరి.

ఆగస్టు 27వ తేదీ తెల్లవారకమునుపే రజాకార్లు నిజాము బలగములతో కలసి ఊరిని చుట్టుముట్టిరి. బురుజు వారి వశమైనది. పట్టుబడిన పురుషులను వరుసగా నిలిపి కాల్చిరి. ఇచటను, పొరుగుననున్న కూటిగల్లులోను మడిసినవారు నూరుమందికి పైబడిరి. పదునేడు దినములకు, అనగా సెప్టెంబరు 13న, భారతసైన్యము హైదరాబాదు రాజ్యమున ప్రవేశించెను. 17న నిజాము లొంగెను.

ఆ బురుజు నేటికిని నిలిచియున్నది. అమరుల స్మారకస్తూపమును గ్రామమున కలదు.

అచట ఒక విద్యార్థి మమ్ము, “అయ్యా, మన తరగతిలోని ముసల్మాను మిత్రునికి ఈ సంగతి యెట్లు చెప్పవలెను?” అని యడిగెను. ఇది తగిన ప్రశ్న. ఆ హత్యలకు ఐదు దినముల ముందే, రజాకార్లను ఖండించుచు వ్రాసిన ‘ఇమ్రోజ్’ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాదు నగరముననే వారి దాడికి గురియై ప్రాణములు విడిచెను. ఆయనయు ముసల్మానే. మరియు సైనికచర్య పిమ్మట, రజాకార్లతో నెట్టి సంబంధమును లేని ముసల్మానులు అనేకులు పగకు బలియైరి. భారతప్రభుత్వము పంపిన పండిత సుందర్‌లాల్ సంఘము ఆ మృతుల సంఖ్యను 27 వేలనుండి 40 వేలవరకు అంచనా వేసెను.

కావున బాలురారా, బైరాన్‌పల్లి కథను చెప్పునపుడు ఈ రెండు సంగతులను విడువక చెప్పుడు. అట్లు చెప్పినచో మీ మిత్రుడును మీతోకూడ ఆ స్తూపమునకు నమస్కరింపగలడు.