కేదారనాథ్ కొండదారిలో ఆలుమగలు
నిదానంగా నడిచేవారే ముందుండాలి

పొలం గట్టు మీద మగడు ముందు, నెత్తిన గంపతో ఇల్లాలు వెనుక. మన పల్లెల్లో తరతరాలుగా సాగుతున్న నడక ఇది. ఆరుగాలం గట్ల వెంట తిరిగే రైతు కుటుంబాలకు పదిమైళ్ళ నడక ఒక లెక్క కాదు. అయితే ఈ వరసనే హిమాలయాల దాకా తీసుకువెళితే ప్రాణాల మీదికి వస్తుంది. వేసవిలో కేదారనాథ్ ఆలయం తలుపులు తెరవగానే తెలుగునాట పల్లెల నుంచి బయలుదేరే దంపతులు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇదే.

తిరుమల లెక్క చెల్లదు

ఉత్తరాఖండ్‌లో గౌరీకుండ్ దగ్గర మోటారు దారి ఆగిపోతుంది. సొంత బండ్లను అంతకు 5 కిలోమీటర్ల ముందే సోన్‌ప్రయాగలో నిలిపివేస్తారు. అక్కడి నుంచి జీపులే గతి. పార్వతి శివుని కోసం తపస్సు చేసింది గౌరీకుండ్‌లోనని, వారి కల్యాణం సోన్‌ప్రయాగకు దగ్గరలోని త్రియుగినారాయణ్‌లో జరిగిందని స్థలపురాణం. ఆదిదంపతుల పేరు మోస్తున్న దారి ఇది.

గౌరీకుండ్ సుమారు 6,500 అడుగుల ఎత్తున ఉంది. కేదారనాథ్ 11,700 అడుగుల పైమాటే. మధ్య దారి సుమారు 16 కిలోమీటర్లు. ఒక్క పగటిలో 5,000 అడుగులకు పైగా ఎక్కాలన్నమాట. అలిపిరి మెట్లదారి సుమారు 9 కిలోమీటర్లే. కేదారనాథ్ తిరుమల కంటే మూడింతలకు పైగా ఎత్తు. అక్కడ గాలి పలచన. సముద్రపు ఒడ్డున ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువులో మూడింట రెండు వంతులే అందుతుంది. కండబలం ఉన్నవాడైనా ఈ లెక్కకు తలవంచవలసిందే.

పగలంతా ఎక్కుడే

తెల్లవారుజామున 5 గంటలకు బయలుదేరితే చీకటి పడకముందే పైకి చేరవచ్చు. నిదానంగా నడిచేవారికి 8 నుంచి 10 గంటలు పడుతుంది. మొదట జంగిల్‌చట్టీ, భీంబలీల మీదుగా చెట్ల నీడన దారి సాగుతుంది. పక్కన లోయలో మందాకిని హోరు వినిపిస్తూనే ఉంటుంది. తరువాత వచ్చేది రాంబాడా. 2013 జూన్ 16, 17 తేదీల్లో ఆలయానికి ఎగువన ఉన్న చోరాబారీ చెరువు తెగి వచ్చిన వరదలో ఈ ఊరు ఆనవాలు లేకుండా కొట్టుకుపోయింది. పాత దారి కూడా దానితోనే పోయింది. ఆ తరువాత ఇక్కడ నది దాటి, ఆవలి గట్టున లించోలీ మీదుగా కొత్త దారి వేశారు. 2024 జూలై 31 రాత్రి కురిసిన కుండపోతకు దారి మళ్ళీ దెబ్బతిన్నది. కాబట్టి వానపడే సూచన ఉన్న రోజున పోలీసులు ఆగమంటే ఆగాలి.

లించోలీ చేరేసరికి చెట్లు పలచబడి గడ్డివాలులే మిగులుతాయి. మే నెలలో దారి పక్కన మంచుగడ్డలు కూడా కనబడతాయి. మధ్యాహ్నం దాటితే మబ్బు కమ్ముతుంది, చలి కొరుకుతుంది. కంచరగాడిదలు ఎదురైనప్పుడు కొండవైపు ఒదిగి నిలబడాలి. లోయవైపు నిలబడితే ఒక్క తోపుకు పడిపోయే ప్రమాదం ఉంది.

జబ్బు సంగతి పక్కవారికే తెలుస్తుంది

ఎత్తు ఎక్కినకొద్దీ కొందరికి తలనొప్పి, వికారం, తల తిరగడం, తిండి సయించకపోవడం మొదలవుతాయి. సాధారణంగా పైకి చేరిన 6 నుంచి 12 గంటల్లో, అంటే ఆ రాత్రికే ఇది బయటపడుతుంది. జబ్బు ముదిరితే మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది, కూర్చున్నా ఆయాసం తగ్గదు. అప్పటికి మతి మందగించి ఉంటుంది గనుక రోగి తనకేమీ కాలేదనే అంటాడు. ఆ తేడా కనిపెట్టగలిగేది ఏళ్ళ తరబడి కలిసి బతికిన మనిషే. భర్త అరమైలు ముందు పోతే, వెనుక భార్య తూలుతున్నదీ లేనిదీ చూసేదెవరు? ఆయనకే తల తిరిగితే చెప్పేదెవరు?

అందుకే ఇద్దరిలో నిదానంగా నడిచేవారు ముందు నడవాలి. నడుస్తూ రెండు మాటలు ఆయాసం లేకుండా చెప్పలేకపోతే నడక ఎక్కువైనట్టే. అనుమానం వస్తే నేల మీద గీత గీసి, మడమకు వేళ్ళు తగిలేలా పదడుగులు వేయించాలి. తూలితే మరి ఎక్కకూడదు. వెంటనే దారిలోని వైద్య శిబిరానికి చేర్చి, కిందికి దించాలి. ప్రాణవాయువు పట్టినా అది కిందికి దించేవరకే ఆసరా.

రెండు సంచులు ఉండాలి

డబ్బు, బి.పి., షుగరు మాత్రలు, గుర్తింపు కార్డులు అన్నీ ఒకే సంచిలో పెట్టి భర్త మెడకు తగిలించడం మనవాళ్ళ అలవాటు. జనంలో విడిపోతే రెండోవారి చేతిలో చిల్లిగవ్వ ఉండదు. హిందీ రాకపోతే ఊరిపేరు చెప్పుకోవడమూ కష్టం. కొండల్లో అన్నిచోట్లా ఫోను పలకదు. ఎవరి మాత్రలు, కొంత సొమ్ము, ఫోను నంబర్లు రాసిన కాగితం వారి దగ్గరే ఉండాలి. తప్పిపోతే ఎక్కడ కలవాలో గౌరీకుండ్‌లోనే అనుకోవాలి. యాత్రకు ఉత్తరాఖండ్ ప్రభుత్వం వద్ద ముందుగా పేర్లు నమోదు చేయించుకోవడం తప్పనిసరి. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు డాక్టరును అడగనిదే బయలుదేరరాదు. దారిలో ఒకటి రెండు రాత్రులు ఆగి ఎక్కితే ఒంటికి ఎత్తు కొంత అలవాటవుతుంది.

ఇంటిదానికి బాగాలేదని లించోలీ నుంచి తిరిగివస్తే ఊళ్ళో నలుగురూ ఏమంటారోనని వెనుకాడేవారుంటారు. కేదారుని గుడి ఏటా దీపావళి తరువాత మూసి, మళ్ళీ వేసవిలో తెరుస్తారు. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు దర్శనం దొరుకుతుంది. ఇద్దరూ ఇంటికి చేరితేనే మళ్ళీ ఇద్దరూ బయలుదేరగలరు.