టపాసులకు హద్దులు: దీపావళికే కాదు, క్రిస్మస్‌కు కూడా

దీపావళి దగ్గర పడగానే మున్సిపాలిటీ వారు, పోలీసు వారు టపాసుల గురించి ప్రకటనలు చేస్తారు. అనుమతి లేని దుకాణాలు పెట్టవద్దని, ఫలానా సమయం దాటితే కాల్చవద్దని చెబుతారు. ఇవి దీపావళికి మాత్రమేనని మనలో చాలామంది అనుకుంటాము. కాని క్రిస్మస్ రాత్రి, డిసెంబరు 31 ఆరాధన ముగిశాక చర్చి ముందు పేలే టపాసులకు కూడా హద్దులున్నాయి. మిషన్ ఆసుపత్రులున్న ఊళ్లలో చర్చి, ఆసుపత్రి తరచుగా ఒకే ఆవరణలో ఉంటాయి. గనుక ఈ విషయం సంఘ కుటుంబాలు ముందుగా తెలుసుకోవడం మంచిది.

నియమాలు ఏమి చెబుతున్నాయి?

రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు శబ్దం చేసే టపాసులు కాల్చరాదని సుప్రీంకోర్టు 2005లోనే తీర్పు ఇచ్చింది. 2018 అక్టోబరు 23న ఇచ్చిన తీర్పులో దీపావళికి రెండు గంటలు, అనగా రాత్రి 8 నుండి 10 వరకు సమయం కేటాయించింది. దక్షిణాది రాష్ట్రాలు తమ ఆచారాన్ని బట్టి వేళ మార్చుకోవచ్చని, కాని రెండు గంటలు మించరాదని తరువాత వివరించింది. క్రిస్మస్‌కు, నూతన సంవత్సరానికి ముందు రాత్రుల్లో 11:55 నుండి 12:30 వరకు, అంటే 35 నిమిషాలు మాత్రమే అనుమతించింది. వెయ్యి వాలా, పదివేల వాలా వంటి దండలను, బేరియం ఉప్పులు కలిపిన టపాసులను నిషేధించింది.

2020లో కరోనా ఉన్న రోజుల్లో తెలంగాణ హైకోర్టు నవంబరు 12న టపాసుల అమ్మకాన్ని, వాడకాన్ని ఆపివేసింది. మరునాడే సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును సవరించి రెండు గంటలు అనుమతించింది. పండుగను పూర్తిగా ఆపడం కాదు, దానికి హద్దు పెట్టడమే ఈ ఉత్తర్వుల ఉద్దేశం.

ఇది సమయం గురించిన నియమం. స్థలం గురించి వేరే నియమం ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆసుపత్రులు, విద్యాలయాలు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. 2010లో చేర్చిన నియమం ప్రకారం ఆ మండలంలో శబ్దం చేసే టపాసులు పగలు గాని రాత్రి గాని కాల్చరాదు. 2017 సవరణ తరువాత ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించిన చోటే ఇది వర్తిస్తుంది. అయితే బోర్డు ఉన్నా లేకున్నా లోపల పడుకున్న రోగి బాధ ఒక్కటే గదా!

100 మీటర్లు ఎందుకు?

నిశ్శబ్ద మండలంలో ఉండవలసిన శబ్దం పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్. నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటే టపాసును తయారు చేయడం, అమ్మడం కూడా నేరమే. డెసిబెల్ లెక్క మామూలు లెక్క కాదు. ప్రతి 10 డెసిబెల్స్‌కు శబ్ద శక్తి పది రెట్లు పెరుగుతుంది. ఆరుబయట దూరం రెట్టింపు అయినప్పుడల్లా సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే నియమానికి లోబడిన 125 డెసిబెల్స్ టపాసు కూడా 100 మీటర్ల అవతల సుమారు 97 డెసిబెల్స్‌గా వినబడుతుంది. ఇక గోడ పక్కనే కాలిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

వార్డులో ఏమి జరుగుతుంది?

హఠాత్తుగా పెద్ద శబ్దం వినబడితే గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. ఆరోగ్యవంతుడు ఒక్క క్షణం ఉలిక్కిపడి నవ్వుకుంటాడు. గుండెజబ్బుతో చేరినవారికి, ఆపరేషన్ అయి కుట్లు ఆరనివారికి అది అంత తేలిక కాదు. పసిబిడ్డలు నిద్ర లేచి ఏడుస్తారు. మతి నిలకడ లేని వృద్ధులు భయపడి మంచం దిగబోయి పడిపోవచ్చు. పొగలోని గంధకపు వాయువు వలన ఆస్తమా ఉన్నవారికి ఆయాసం పెరుగుతుంది.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. బి.పి. చూసేటప్పుడు, కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినేటప్పుడు నర్సు సన్నని శబ్దాన్ని పట్టుకోవాలి. బయట టపాసులు పేలుతుంటే ఆ పని సరిగా సాగదు.

మనము ఏమి చేయవచ్చు?

సంఘ పెద్దలు, యౌవనస్థులు డిసెంబరు మొదట్లోనే కూర్చుని ఒక నిర్ణయం తీసుకోవాలి. ఆసుపత్రికి దూరంగా ఉన్న మైదానంలో అందరూ కలిసి కాల్చుకోవచ్చు. ఆసుపత్రి ఆవరణలో కొవ్వొత్తులు, నక్షత్రాలు చాలు. ఆ సంగతి ఆరాధన చివర ప్రకటనల్లో చెబితే అందరికీ చేరుతుంది. లైసెన్సు ఉన్న దుకాణంలోనే కొనండి. తాత్కాలిక దుకాణాలు ఒకదానికొకటి కనీసం 3 మీటర్లు, ఇళ్లు మొదలైన వాటికి 50 మీటర్లు దూరంగా ఉండాలని 2008 పేలుడు పదార్థాల నియమాలు చెబుతున్నాయి. వాటిని మైదానాల్లో పెట్టించేది అందుకే.

ఎవరికైనా చేయి కాలితే 20 నిమిషాలు కుళాయి నీటి కింద ఉంచండి. ఉంగరాలు, గాజులు వెంటనే తీసివేయండి. ఇంకు, టూత్‌పేస్టు, పసుపు పూయవద్దు. కంటికి దెబ్బ తగిలితే నలపవద్దు, నొక్కవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మంచి సమరయుడు దారిలో పడి ఉన్న గాయపడినవానిని చూసి ఆగాడు. మన రోగులు గోడకు ఆవలి వైపు ఉన్నారు, మనకు కనబడరు. అయినా వారి కొరకు అగ్గిపుల్ల వెలిగించే ముందు మనము ఆగగలము.