ముక్కు విరిగినప్పుడు

ముఖమున అన్నిటికంటె ముందుకు వచ్చియుండునది ముక్కు. అందుచేత దెబ్బ తినుటలోను మొదటి వంతు దానిదే. ముఖమందలి ఎముకలలో తరచుగా విరుగునది ముక్కు ఎముకయే. కబడ్డీ ఆటలో మోచేయి తగిలినను, పసివాడు అరుగు మీదినుండి బోర్లపడినను ఇది సంభవింపవచ్చును. అట్టివేళ ఇంటివారికి ముందుగా తోచు ప్రశ్న "ముక్కు వంకరపోవునా?" అని. ఆ ప్రశ్న కొన్ని దినములు ఆగవచ్చును. ఆగరానిది వేరొకటి కలదు. దానిని గూర్చియే ముఖ్యముగా చెప్పదలచినాము.

మొదట నెత్తురు నిలుపవలెను. దెబ్బ తిన్నవానిని కూర్చుండబెట్టి, తల ముందుకు వంచి, ముక్కు క్రింది మెత్తని భాగమును పది పదిహేను నిమిషములు విడువక నొక్కిపట్టవలెను. నోటితో ఊపిరి తీయుమనవలెను. తల వెనుకకు వాల్చరాదు. వాల్చినచో నెత్తురు గొంతులోనికి దిగి వాంతి పుట్టించును. మంచుగడ్డను గుడ్డలో చుట్టి పైన అద్దిన వాపు తగ్గును.

ఇక ఆగరాని సంగతి. రెండు ముక్కుపుటముల నడుమ గోడవలె నిలిచిన మృదులాస్థికి స్వంత రక్తనాళములు లేవు. దానిని అంటియున్న పలుచని పొరయే దానికి పోషణ నందించును. ఆ పొర క్రింద నెత్తురు గూడుకట్టినచో మృదులాస్థికి ఆ పోషణ తప్పిపోవును. కొలది దినములలోనే అది నశింపవచ్చును, చీము పట్టవచ్చును. పిమ్మట ముక్కు నడుమ గుఱ్ఱపు జీనువలె క్రుంగిపోవును. పైకి ముక్కు సూటిగా ఉన్నను లోపల ఇది జరుగవచ్చును. లోపలి గోడ మెత్తగా ఉబ్బి, ఊపిరి ఆడక, నొప్పి పెరుగుచున్నచో ఆనాడే వైద్యుని చూడవలెను. ఆయన లోపల పరీక్షించి, చిన్న గంటు పెట్టి ఆ నెత్తురును తీసివేయును. పసివారు తమ బాధ చెప్పలేరు కనుక వారి విషయమున మరింత జాగరూకత అవసరము.

ఎముక విరిగినదో లేదో వైద్యుడు చూచి, వ్రేళ్లతో తడిమి గుర్తించును. చాలమందికి ఎక్స్‌రే అవసరముండదు. వాపులో వంకర తెలియదు కనుక 3 నుండి 5 దినముల పిమ్మట మరల చూపించుకొనవలెను. పాత ఛాయాచిత్రమొకటి వెంట కొనిపోయిన మేలు. కొందరి ముక్కు మునుపే వంకర! ఎముక స్థానము తప్పనిచో దానంతట అదియే అతుకుకొనును. తప్పినచో మత్తు ఇచ్చి సరిదిద్దుదురు. పెద్దలకు రెండు వారములలోపల, పిల్లలకు ఇంకను ముందుగా ఈ పని జరుగవలెను. ఎముక అతుకుకొన్న పిమ్మట సరిదిద్దుట కష్టము.

ముక్కునుండి నీటివలె తేటయైన ద్రవము కారినను, స్పృహ తప్పినను, చూపు చెదరినను క్షణమైన ఆలసింపక ఆసుపత్రికి కొనిపోవలెను. తక్కినవారు అద్దము చూచుకొనుటకు ముందు ముక్కు లోపల చూపించుకొందురు గాక యని మా మనవి.