చుక్కాని పెడళ్ళు

చుక్కాని పెడళ్ళు అనగా విమానపు ముక్కును కుడి ఎడమలకు త్రిప్పడానికి పైలట్ పాదాలతో నడిపే సాధనాలు. టేకాఫ్ పరుగులో పెద్ద విమానాన్ని రన్‌వే మధ్యగీతపై నిలిపేది ముఖ్యంగా పైలట్ పాదాలే.

నిర్మాణం

ప్రతి పైలట్ పాదాల వద్ద రెండు పెడళ్ళు ఉంటాయి. కుడి పెడల్‌ను ముందుకు నెడితే ఎడమది వెనుకకు వస్తుంది. అప్పుడు తోకపై నిలువు రెక్కకు వెనుక అమర్చిన చుక్కాని కుడివైపునకు వాలి, ముక్కును కుడికి త్రిప్పుతుంది. అదే పెడల్ పైభాగాన్ని కాలివేళ్ళతో వంచితే ఆ వైపు చక్రాలకు బ్రేకు పడుతుంది. ఈ విధంగా ఒకే పెడల్ రెండు పనులు చేస్తుంది.

పాదాలు ఉంచే పద్ధతి

టేకాఫ్ పరుగులో సాధారణంగా మడమలను నేలకు ఆనించి, అరికాలి ముందుభాగాన్ని పెడల్ క్రిందిభాగంపై ఉంచుతారు. పాదం పైకి జరిగితే తెలియకుండానే బ్రేకు పడవచ్చు. పరుగును విరమించి విమానాన్ని ఆపవలసి వచ్చినప్పుడు మాత్రమే పాదాలను పైకి జరిపి బ్రేకు నొక్కుతారు.

చుక్కాని ప్రయోగం

పరుగు ఆరంభంలో గాలి ఒరవడి చాలదు కనుక చుక్కాని పనిచేయదు. అప్పుడు పెడళ్ళతో కొద్ది డిగ్రీలు తిరిగే ముక్కు చక్రమే దారి చూపుతుంది. వేగం పెరిగేకొద్దీ చుక్కానికి పట్టు వస్తుంది. కుడి నుండి గాలి వీస్తే అది తోకను నెట్టడం వలన ముక్కు గాలివైపే, అనగా కుడికే, తిరగబోతుంది. దానిని ఎడమ పెడల్‌తో సరిచేస్తారు. రెక్కల క్రింద రెండు ఇంజన్లున్న విమానంలో ఎడమ ఇంజను ఆగిపోతే ముక్కు ఎడమకు లాగుతుంది. అప్పుడు కుడి పెడల్ నొక్కాలి. చుక్కానికి తగిన బలం రాక మునుపే ఇంజను ఆగితే, రెండవ ఇంజను శక్తిని కూడా వెంటనే తగ్గించి విమానాన్ని ఆపుతారు.

యారోస్లావల్ ప్రమాదం

2011 సెప్టెంబరు 7న రష్యాలోని యారోస్లావల్ నుండి మిన్స్క్ నగరానికి బయలుదేరిన యాక్-42 విమానం రన్‌వే చివర దాటిన తరువాత గాని పైకి లేవలేదు. లేచిన కొద్ది క్షణాలకే వోల్గా నది ఒడ్డున కూలిపోయింది. అందులోని 45 మందిలో 44 మంది మరణించారు. వారిలో లోకోమోటివ్ ఐస్ హాకీ జట్టు ఆటగాళ్ళు ఉన్నారు. టేకాఫ్ పరుగులో పైలట్ పాదం బ్రేకులను నొక్కి ఉంచిందని దర్యాప్తులో తేలింది. బ్రేకుల వలన వేగం తగినంత పెరగలేదు. పైగా అవి ముక్కును క్రిందికి వంచి, పైకి లేవకుండా అడ్డుకున్నాయి. పైలట్లు అంతకు పూర్వం నడిపిన యాక్-40 విమానంలో పాదాలు ఉంచే పద్ధతి వేరు. ఆ అలవాటే ఇక్కడ కొనసాగిందని దర్యాప్తుదారులు భావించారు.

ఒక విమానంలో సరియైన అలవాటు మరొక దానిలో ప్రాణాంతకం కావచ్చు. అందుచేత కొత్త రకం విమానానికి మారే పైలట్లు పాదాలు ఉంచే పద్ధతిని కూడా తిరిగి నేర్చుకోవాలి.