ఆ బండను ఎత్తిందెవరు?

పిల్లలూ!

బడిలో పాఠం అయిపోయి, ఇక గంట కొట్టబోతున్నారనగా వెనుక బెంచీలోంచి ఒక ప్రశ్న వస్తుంది: "మాస్టారూ, దేవుడు నిజంగా ఉన్నాడా?" కంచిలి బడి కానివ్వండి, సోంపేట బడి కానివ్వండి, ఈ ప్రశ్న రాని బడి లేదు. ఈ మధ్య దానికి తోకగా మరొకటి వస్తున్నది. "దేవుళ్ళంటే వేరే గ్రహంనుంచి విమానాలలో దిగినవాళ్ళేనట కదా, మాస్టారూ!" సెల్‌ఫోనులోనో టెలివిజనులోనో చూసి ఉంటారు.

మంచి ప్రశ్నలే. అయితే ఇందులో మూడు ప్రశ్నలు పెనవేసుకుని ఉన్నవి. పూర్వం ఆకాశంనుంచి ఎవరైనా దిగివచ్చారా? దేవుడు ఉన్నాడా? ఉంటే, మనం పూజించడానికి తగినవాడెవరు? కొబ్బరితాడు చిక్కుపడితే ఒక్కొక్క పురి విడదీస్తామే, అలాగే వీటిని విడదీద్దాం. మొదటిది ముందు పట్టుకుందాం. దానికి కొలబద్దతోను, లెక్కతోను జవాబు వెతకవచ్చును.

కంచిలినుంచి రైలులో దక్షిణంగా వెళ్ళి, పలాస దాటి, శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగితే మీరు ఆమదాలవలసలో ఉన్నట్టే. ఆ ప్రాంతంలో దన్నానపేట అనే ఊరున్నది. అక్కడ పాతకాలపు రాతి సమాధి ఒకటి ఉన్నది. దానికి పైకప్పు ఒకే ఒక బండ. పొడవు సుమారు 36 అడుగులు, వెడల్పు 14 అడుగులు, మందం 2 అడుగులు. ఇనుము వాడడం నేర్చిన తొలినాళ్ళలో, అనగా ఇప్పటికి రెండు మూడు వేల ఏండ్ల క్రిందట, మన దేశంలో చచ్చిపోయినవారి జ్ఞాపకార్థం ఇటువంటి రాతి కట్టడాలు వేలకొద్దీ లేపారు.

పలకలు తీయండి, లెక్క కట్టండి. ముప్పై ఆరును పద్నాలుగుతోను, దానిని రెండుతోను హెచ్చవేస్తే 1008 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగు రాయి సుమారు 75 కిలోలు తూగుతుంది. మొత్తం 75 టన్నులు దాటింది! బండ చెక్కిన పలకలాగా సమంగా ఉండదు గనుక మూడోవంతు కొట్టివేయండి. అయినా 50 టన్నులు. పది పెద్ద ఏనుగుల బరువు!

క్రేనులు లేని కాలంలో దీనిని ఎత్తినదెవరు?

మన పూర్వులకు కూడా ఈ సందేహం కలిగింది. "ఇది మనుషులవల్ల అయ్యే పని కాదు" అనుకున్నారు. అందుకే తెలుగుదేశంలో చాలాచోట్ల ఇటువంటి సమాధులను రాక్షసగుళ్ళు అంటారు, పాండవగుళ్ళు అనీ అంటారు. ఆమదాలవలస దగ్గర ఉన్న గుట్ట పేరే పాండవులమెట్ట.

1968లో స్విట్జర్లాండు దేశస్థుడు ఎరిక్ వాన్ డానికెన్ ఒక పుస్తకం వ్రాశాడు. ఆయన వృత్తి హోటలు మేనేజరు పని. ఈజిప్టు పిరమిడ్ల వంటివి ఆనాటి మనుషులు స్వంత తెలివితో కట్టినవి కావనీ, వేరే గ్రహాలనుంచి వచ్చినవారు సాయం చేశారనీ, వారినే జనం దేవుళ్ళనుకున్నారనీ ఆయన అన్నాడు. పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. చూశారా! మన తాతలు "రాక్షసులు" అన్నచోట ఈయన "ఆకాశవాసులు" అన్నాడు. పేరు మారింది, ఆలోచన మారలేదు.

మరి అసలు సంగతి ఏమిటి? నాగాలాండులో అంగామీ నాగులు పెద్ద పెద్ద రాళ్ళను చక్రాలు లేని చెక్కబండి మీదికి ఎక్కించి, ఊరంతా తాళ్ళు పట్టి, పాట అందుకుని లాగుతారు. చూసినవాళ్ళు ఆ పనిని పుస్తకాలలో వివరంగా వ్రాసి పెట్టారు. అంతదూరం ఎందుకు? బారువ ఒడ్డున పదిమంది చేరి బరువైన పడవను ఇసుక మీదికి లాగడం మీలో చాలామంది చూసినదే. ఒక్కడు లాగితే కదలదు. పదిమంది ఒక్క అదనున లాగితే కదులుతుంది. ఇక పైకి లేపడమంటారా, ఒక పక్కన గడకర్రతో మీటి, అంగుళం లేవగానే క్రింద రాళ్ళు దూర్చి, రెండో పక్కన మీటి, మళ్ళీ దూర్చి, ఓపికగా లేపవచ్చును. లేదా మట్టి ఏటవాలుగా పోసి దాని మీదుగా పైకి జరపవచ్చును. దీనికి కావలసినవి మూడు: మనుషులు, తాళ్ళు, ఓర్పు.

పిరమిడ్ల విషయంలో ఇంతకన్న గట్టి సాక్ష్యమే దొరికింది. 2013లో ఎర్రసముద్రపు ఒడ్డున వాదీ అల్ జర్ఫ్ అనేచోట, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియేర్ తల్లే బృందానికి కొన్ని పాపిరస్ కాగితాలు దొరికినవి. వాటిలో మేరర్ అనే మేస్త్రీ డైరీ ఉన్నది. వయస్సు సుమారు 4500 ఏండ్లు! ఖుఫూ రాజు పిరమిడ్డు పని జరుగుతున్న రోజులవి. తూరా గనిలో సున్నపురాళ్ళు ఏ రోజున పడవకెక్కించారో, నైలునది మీద ఎన్నాళ్ళు ప్రయాణం చేశారో, గీజాకు ఎప్పుడు చేరారో అందులో రోజువారీగా ఉన్నది. మీ డైరీలాగానే! మేరర్ డైరీలో ఉన్నది పడవలు, రాళ్ళు, కూలివాళ్ళు, రాత్రి మకాములు.

"మన పురాణాలలో విమానాలున్నవి కదా?" అని అడుగుతారు. ఉన్నవి. పుష్పకం ఎంత చక్కటి ఊహ! ఊహించడం ఒక గొప్ప, కట్టడం మరొక గొప్ప. 'వైమానిక శాస్త్రం' అనే సంస్కృత గ్రంథాన్ని చూపి, ఇది వేల ఏండ్లనాటిదని కొందరు అంటూ ఉంటారు. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వారు ఐదుగురు ఆ గ్రంథాన్ని శ్రద్ధగా చదివి, 1974లో తమ అభిప్రాయం ప్రకటించారు. అది 1904కు ముందుది కాదనీ, అందులో వర్ణించిన విమానాలు ఎగరలేవనీ తేల్చారు.

అంటే వేరే గ్రహాలలో ప్రాణులు లేవని అర్థమా? కాదు. మన సూర్యునివంటి నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని మొదటిసారి 1995లో కనుగొన్నారు. ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలు ఇప్పటికి అయిదువేలు పైబడి దొరికినవి. ఎక్కడైనా ప్రాణి ఉండవచ్చును. అయితే "ఉండవచ్చును" అన్న మాట వేరు, "వచ్చి వెళ్ళారు" అన్న మాట వేరు. రెండోదానికి సాక్ష్యం కావాలి. ఇంతవరకు ఒక్కటీ లేదు.

మీ తాత రెక్కలు ముక్కలు చేసుకుని కట్టిన ఇంటిని చూపి, దారినపోయే దానయ్య ఎవడో "ఇది మీ తాతవల్ల అయ్యే పనా? పరాయివాడెవడో కట్టిపోయి ఉంటాడు" అంటే మీకెలా ఉంటుంది? దన్నానపేట బండను లాగినవారి పేర్లు ఎక్కడా వ్రాసి లేవు. వారి చేతులలో ఉన్న పనితనాన్ని కూడా ఎవరికో ధారపోయడం న్యాయమా? విచిత్రమేమంటే, ఈజిప్టులోను, మెక్సికోలోను, మనదేశంలోను ఉన్న కట్టడాలనే ఇలా అనుమానిస్తారు గాని, ఐరోపాలోని పెద్ద చర్చీలను చూసి ఆకాశవాసులు కట్టారనేవాళ్ళు అరుదు.

ఇక రెండో ప్రశ్న.

శ్రీకాకుళం పక్కనే అరసవిల్లి సూర్యనారాయణస్వామి కోవెల ఉన్నది. మార్చి 9, 10, 11 తేదీల ప్రాంతంలోను, అక్టోబరు 1, 2, 3 తేదీల ప్రాంతంలోను తొలి కిరణాలు ద్వారంలోనుంచి వచ్చి కొన్ని నిమిషాలపాటు స్వామి పాదాలను తాకుతాయి. చూడడానికి జనం రాత్రినుంచే వచ్చి నిలబడతారు. మబ్బు పట్టిన ఏడు నిరాశతో తిరిగి వెళతారు.

ఏడాదికి రెండు సార్లే ఎందుకు? క్యాలెండరు తెచ్చుకోండి. డిసెంబరు 21 ప్రాంతంలో సూర్యుడు అన్నిటికన్న దక్షిణంగా ఉదయిస్తాడు. అక్కడినుంచి మళ్ళీ ఉత్తరానికి జరుగుతాడు. అక్టోబరు 3నుంచి డిసెంబరు 21కి ఎన్ని రోజులు? 79. డిసెంబరు 21నుంచి మార్చి 10కి? అదీ 79! దక్షిణానికి పోతూ ఏ చోట ఉదయించాడో, తిరిగివస్తూ ఆ చోటనే ఉదయించాడన్నమాట. ద్వారం వరుసకు సరిపోయే ఆ చోటికి సూర్యుడు ఏటా రెండుసార్లు వస్తాడు.

లెక్క దొరికింది కనుక దేవుడు లేడని తేలిందా? లేదు. కిరణం పడింది కనుక దేవుడున్నాడని తేలిందా? అదీ లేదు. కిరణం చెప్పేది సూర్యుని నడక గురించి. దేవుడున్నాడా అన్న ప్రశ్నకు కొలబద్ద చాలదు. అందుకే తెలివైనవాళ్ళు, మంచివాళ్ళు ఇందులో రెండువైపులా ఉన్నారు. మన దేశంలో ఇది కొత్త వాదం కాదు. చార్వాకులు దేవుడు లేడన్నారు. లోకాన్ని ఒక దేవుడు సృష్టించాడని జైనులు గాని, బౌద్ధులు గాని చెప్పరు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండమీద ఇటుక స్తూపాలు ఇప్పటికీ ఉన్నవి. అక్కడ భక్తులు మొక్కినది మనిషిగా పుట్టి, మనిషిగా కన్నుమూసిన బుద్ధునికి.

దగ్గరిలోనే మరొక మనిషి కథ వినండి. కంచిలినుంచి రైలు ఉత్తరంగా ఇచ్ఛాపురం, బరంపురం దాటితే ఛత్రపురం వస్తుంది. అక్కడ 1902లో గోపరాజు రామచంద్రరావుగారు పుట్టారు. గోరా అంటే మీ ఇంట్లో పెద్దలకు తెలుస్తుంది. ఆయన వృక్షశాస్త్రం చెప్పే మాస్టారు. దేవుడు లేడని పైకి చెప్పినందుకు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తికకేంద్రం పెట్టారు. అంటరానితనం పోవాలని అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించారు. గాంధీజీ నిత్యం ప్రార్థన చేసేవారు. గోరాగారికి ప్రార్థనే లేదు. అయినా ఇద్దరూ సేవాగ్రాంలో కూర్చుని మనసు విప్పి మాట్లాడుకున్నారు. ఆ మాటలను గోరాగారు పుస్తకంగా వ్రాస్తే 1951లో అచ్చయింది. గాంధీజీ మొదట దేవుడే సత్యమనేవారు. తరువాత సత్యమే దేవుడు అనడం మొదలుపెట్టారు. ఒకరు నమ్మినవారు, ఒకరు నమ్మనివారు. అంటరానితనం పాపమనడంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

మూడో ప్రశ్న మిగిలింది. పూజకు తగినవాడెవరు?

ఒక్క క్షణం, ఆకాశవాసులు వచ్చారనే అనుకుందాం. వారికి విమానాలున్నవి, గొప్ప యంత్రాలున్నవి. అంతమాత్రాన దండం పెట్టాలా? రామాయణం గుర్తు తెచ్చుకోండి. పుష్పకవిమానం ఎక్కి తిరిగినది రావణుడు. అదీ కుబేరునిదగ్గర గుంజుకున్నది! కాలినడకన అడవికి వెళ్ళినది రాముడు. మన పెద్దలు గుడి ఎవరికి కట్టారు? విమానం ఉన్నవాడికి కట్టలేదు, మాట నిలుపుకున్నవాడికి కట్టారు. బలాన్ని చూస్తే భయం కలుగుతుంది. మంచిని చూస్తేనే భక్తి కలగాలి.

ఈ కొలబద్దతో మన పూజలను కూడా కొలిచి చూసుకోవచ్చును. "పరీక్ష పాసు చేయిస్తే కొబ్బరికాయ కొడతాను" అంటే అది బేరం. "కొట్టకపోతే కోపం వస్తుందేమో" అంటే అది భయం. "ఇంత చల్లని నీడ, ఇన్ని పనసకాయలు ఇచ్చిన తోట బాగుండాలి" అని తలవంచి, వెళ్ళి చెట్టుకు నీళ్ళు పోస్తే అది కృతజ్ఞత. ఈ మూడింటిలో ఏది గొప్పదో నేను చెప్పనక్కరలేదు.

పెద్దలకు కూడా ఒక మాట. మన ఉద్దానంలో ఎన్నో ఇళ్ళలో మూత్రపిండాల జబ్బు ఉన్నది. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా రూఢిగా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైనవి. "తెలియదు" అన్నది సిగ్గుపడవలసిన మాట కాదు. అది వెతుకులాటకు మొదటి మెట్టు. ఆ మెట్టుమీద "అమ్మవారి ఆగ్రహం" అన్న మాటను కూర్చోబెడితే దారి మూసుకుపోతుంది. మొక్కుకునేవారు మొక్కుకోండి. రక్తపరీక్ష మాత్రం మానకండి, వైద్యుడు చెప్పిన రోజు తప్పకండి. మీ పిల్లవాడు "దేవుడున్నాడా?" అని అడిగితే కసురుకోకండి. అడిగే అలవాటున్నవాడే రేపు ఆ జబ్బుకు కారణం కూడా అడుగుతాడు.

పిల్లలూ, ఇప్పుడు మీకొక పని. తూర్పువైపు కిటికీ ఉన్న గదిలో, ఉదయం ఎండ మొదట గోడమీద ఎక్కడ పడుతున్నదో చూసి బొగ్గుతో గీత గీయండి. పక్కన తేదీ వేయండి. ముందుగా వచ్చేది జూన్ 21 అయినా, డిసెంబరు 21 అయినా, ఆ తేదీకి ఎన్ని రోజులున్నవో లెక్కపెట్టండి. అది దాటాక మళ్ళీ అన్ని రోజులకు ఎండ ఆ గీత దగ్గరికే రావాలి. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ కావచ్చును. వస్తే, అరసవిల్లి లెక్క మీ ఇంటి గోడమీద మీరే కట్టినట్టు. రాకపోతే నా మాట నమ్మకండి. ఎందుకు రాలేదో వెతకండి.