వీసా వచ్చిందా? జర పైలం!

గల్ఫ్ బాట పట్టిన కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలకు వకీలు అవసరం విమానం ఎక్కకముందే ఉంది. కాపాడే చట్టం నలభై ఏళ్లుగా ఉన్నా, ఊళ్లో అందుబాటులో ఉండేది ఏజెంటు ఒక్కడే.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, నిర్మల్, ఖానాపూర్ వైపు ఎవరు సౌదీకి పోయినా, ఖతర్‌కు పోయినా ‘దుబాయి పోయిండు’ అనే అంటరు. 1970లలో చమురు ధర పెరిగి ఎడారి దేశాల్లో కట్టడాలు లేచినప్పుడు మొదలైన బాట ఇది. ఎండిన బావులు, సిరిసిల్ల మరమగ్గాల సంక్షోభం, నక్సల్ ఉద్యమ కాలపు పోలీసు నిర్బంధం ఇక్కడి యువకులను ఆ దారిలోకి నెట్టాయి. ఇంటికాడ ఆడవాళ్లు బీడీలు చుడుతుంటే, మగవాళ్లు రెండేళ్ల వీసా మీద మేస్త్రీలుగా, డ్రైవర్లుగా, క్లీనర్లుగా బతుకు వెతుక్కుంటున్నారు.

ఏ వీసా మీద పోతున్నవ్?

కంపెనీ వీసా అయితే పని, జీతం, వసతి ఒప్పందంలో ఉంటాయి. విజిట్ వీసా చూసి రావడానికే. దాని మీద పని చేస్తే అక్కడ నేరం. ‘ఆజాద్ వీసా’ అని ఏజెంట్లు అమ్మేది ఇంకో రకం మాయ. కాగితం మీద ఒక కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఉంటాడు, పని వేరేచోట వెతుక్కోవాలి. పట్టుబడితే శిక్ష కార్మికుడికే. అకామా (నివాస అనుమతి కార్డు) లేక, కఫీల్‌ను వదిలేసి తిరిగేవాళ్లను మనోళ్లు ‘ఖల్లివెల్లి’ అంటరు. అక్కడి సర్కారు ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ప్రకటించేదాకా, ఔట్‌పాస్ (ఇంటికి తిరిగొచ్చే తాత్కాలిక ప్రయాణ పత్రం) చేతికి వచ్చేదాకా వాళ్లకు ఇల్లు చేరే దారి దొరకదు. ఇక్కడ మాత్రం నూటికి మూడు రూపాయల వడ్డీ నెలనెలా నడుస్తూనే ఉంటుంది.

చట్టంలో ఏముంది?

1922 నాటి పాత చట్టం స్థానంలో 1983లో ఎమిగ్రేషన్ చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ కొలువులకు మనుషులను పంపడం ఈ చట్టం కింద నేరం. ఊళ్లలో తిరిగే సబ్ ఏజెంట్లకు ఆ రిజిస్ట్రేషన్ ఉండదు. లైసెన్సున్న ఏజెంటైనా సర్వీసు చార్జీగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. లక్షలు అడిగాడంటే చట్టం దాటినట్టే.

పదో తరగతి పాసవనివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) రకం. వాళ్లు గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. అనుమతితోపాటు ఒప్పందం కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో నమోదవుతుంది. 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా వర్తిస్తుంది. రెండేళ్లకు దాని ప్రీమియం 275 రూపాయలే. విజిట్ వీసా మీద ఎగిరిపోయినవాడికి ఇవేవీ ఉండవు. గండం వచ్చిన రోజున చూపడానికి అతని పేరున సర్కారు దగ్గర కాగితమే ఉండదు.

మోసపోయినోళ్లు చాలామంది వదిలేసే అస్త్రం ఒకటుంది. ఈ చట్టం కింద కేసు నడపాలంటే మామూలుగా కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. నష్టపోయిన కార్మికుడు గానీ, అతని తరఫున తల్లి, తండ్రి, భార్య వంటి దగ్గరివాళ్లు గానీ ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదు. అయితే శిక్ష చూస్తే నవ్వాలో ఏడ్వాలో తెలియదు: రెండేళ్ల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా. లక్షలు మింగినవాడికి అది చాయ్ ఖర్చు. అందుకే మోసం కేసు కూడా పెట్టించగల వకీలు పక్కన ఉండాలి.

కోర్టుమెట్లు ఎక్కితే ఫలితం ఉంటుందని ఈ ప్రాంతం చూసింది. 2020 సెప్టెంబరులో గల్ఫ్‌కు వెళ్లే మన కార్మికుల కనీస వేతనాలను కేంద్రం సర్క్యులర్లతో తగ్గించినప్పుడు గల్ఫ్ కార్మిక సంఘాలు తెలంగాణ హైకోర్టుకు వెళ్లాయి. మరుసటి ఏడాది ఆ సర్క్యులర్లు వెనక్కి పోయాయి.

పైసలు కట్టకముందు

• ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో సరిచూడాలి.
• ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు అడగాలి, లేదంటే బ్యాంకు ద్వారానే పంపాలి.
• ఒప్పందంలో జీతం, పని గంటలు, తిండి, వసతి, తిరుగు టికెట్ ఎవరి ఖర్చో చదివించుకోవాలి.
• వీసా, ఒప్పందం, పాస్‌పోర్టు కాపీలు ఇంట్లో దాచి పోవాలి. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి; దాన్ని యజమాని గుంజుకోకూడదు.
• ఆపదలో భారత విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

జిల్లాల్లోనే మొదలుపెట్టొచ్చు

ప్రతి జిల్లాకూ న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 చట్టం ప్రకారం ఎస్సీలకు, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచిత న్యాయసాయం దొరుకుతుంది. భర్త గల్ఫ్‌లో చిక్కుకుంటే భార్య ఆ తలుపు తట్టొచ్చు. అదే చోట వారానికొక పూట వీసా కాగితాలు పరిశీలించే ఏర్పాటు జగిత్యాలలో, సిరిసిల్లలో, నిర్మల్‌లో పెడితే కొత్త చట్టం అవసరం లేదు, కొత్త భవనం అవసరం లేదు.

గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షల పరిహారం ఇస్తోంది. ఇవ్వాల్సిందే. మరి ప్రాణం పోయాక ఇచ్చే సొమ్ముకు జీవో తెచ్చిన సర్కారు, పోకముందు కాగితం చదివి ‘ఈ వీసా మీద పోవద్దు’ అని చెప్పే వకీలుకు ఒక కుర్చీ ఎందుకు వేయకూడదు?